పెంటికలు గీసిన గీత

2021 ఏప్రిల్. నాకు ఉద్యోగం వచ్చి అప్పటికి పద్నాలుగు నెలలు. ఆత్మకూరులో ఆఫీసు, బస్టాండు వెనక అద్దె గది. నేను చూడాల్సిన ఊళ్లన్నీ ఉదయగిరి రోడ్డుకు అటూ ఇటూ కొండల కింద ఉన్న మెట్ట పల్లెలు. వాటర్‌షెడ్ ప్రాజెక్టులో టెక్నికల్ అసిస్టెంట్‌ని. వాటర్‌షెడ్ అంటే ఒక వాగులోకి నీళ్లు జారే మొత్తం నేల. ఆ నేల మీద పడిన వాన పరుగెత్తకుండా, పరుగెత్తినా మట్టిని వెంటబెట్టుకుపోకుండా చూడటం మా పని. గట్లు, కందకాలు, రాతి కట్టలు, చెట్లు.

ఈ పని గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు ఎక్కువగా ఒకే ప్రశ్న వేస్తారు: మంచిదే కదా, మరి రైతులు ఎందుకు చెయ్యరు? దానికి నా దగ్గర చాలాకాలం ఒక జాబితా ఉండేది. ఒకటి చదువు. రెండు భూమి ఎంత ఉందన్నది. మూడు సొంతమా, కౌలా. నాలుగు శిక్షణకు వచ్చారా లేదా. ఐదు అవగాహన. ఈ జాబితా తప్పు కాదు, పుస్తకాల్లో ఉన్నదే. కానీ ఒక ఊళ్లో ఇందులో లేని ఆరో కారణం ఉంది. ఆ కారణం నేను. ఊరి పేరు రాయను. సిగ్గుపడాల్సింది ఊరు కాదు.

కొండ పాదం నుంచి వాగు దాకా వాలుగా దిగే నేల అది. ఎర్ర గరప, కింద మూరెడు లోతులోనే రాయి. ఆ వాలుకు అడ్డంగా, ఉత్తరం నుంచి దక్షిణానికి, నలుగురు రైతుల చేల మీదుగా ఒక కాంటూరు బండ్ వెయ్యాలి. కాంటూరు అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలిపే గీత. ఆ గీత మీద మట్టి గట్టు వేస్తే వాన నీళ్లు దాని వెనక సమంగా నిలిచి, నెమ్మదిగా ఇంకుతాయి. ఎక్కువైన నీళ్లు పోవడానికి ఒక దారి వదలాలి. ఆ దారి నేను ఉత్తరపు కొసన, రాఘవరెడ్డి చేను పక్కన రాతి నేల మీద పెట్టాను. రాఘవరెడ్డి ఊరి కమిటీ చైర్మన్. దక్షిణపు కొసన, ఒక చిన్న వంక పక్కన ఉన్న రెండున్నర ఎకరాలు పెంచలయ్యవి.

పెంచలయ్యకు అరవై దాటాయి. గొర్రెలు కాసే కుటుంబం. భార్య రవణమ్మ. కూతుళ్లకు పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. వాళ్లకు ఉన్నదల్లా ఆ చేను, నూరుకు అటూ ఇటూగా గొర్రెలు. చేలో కంది వేస్తారు. మిగతా ఏడాదంతా ఆయన మంద వెనకే. మా వైపు మెట్టకు ఎరువంటే గొర్రెల మందే. పంట తీశాక రైతు పిలిచి తన చేలో మంద కట్టించుకుంటాడు. పొద్దుగూకేసరికి గొర్రెలు ఆ చేలో చేరి, తెల్లారేదాకా అక్కడే పడుకుంటాయి. వాటి పెంటికలు, ఉచ్చ నేలకు బలం. కాపరికి ఆ మూడు నాలుగు రోజులూ రైతు ఇంటినుంచి కూడు వస్తుంది, వెళ్లేటప్పుడు చేటెడు జొన్నలో సజ్జలో ఇస్తారు. అలా ఆ ఊళ్లో పెంచలయ్య పడుకోని చేను లేదు. ఈ ముక్క నాకు అప్పుడు తెలుసు, కానీ దాన్ని ఒక సమాచారంగా నేను లెక్కపెట్టలేదు.

ఇక నేను చేసిన పని. వరసగా చెప్తాను, ఎందుకంటే తప్పు వరసలోనే ఉంది.

ఎత్తులు చూడటానికి మేము వాడేది డంపీ లెవెల్. మూడు కాళ్ల స్టాండు మీద పెట్టే దుర్భిణి లాంటిది. ఎదురుగా ఒక మనిషి స్టాఫ్, అంటే అంకెలున్న పొడవాటి బద్ద, నిలబెట్టి పట్టుకుంటాడు. దుర్భిణిలోంచి అంకె చదివి పుస్తకంలో రాసుకోవాలి. మొదలుపెట్టేది బెంచ్ మార్క్ దగ్గర. కొండ పాదంలో ఒక బండ మీద ఉలితో ఇంటూ గుర్తు కొట్టి, అదే మా బెంచ్ మార్క్ అనుకున్నాం. అక్కడ మొదలై గీత వెంట దక్షిణానికి పోతాం. దూరం ఎక్కువ కాబట్టి సగంలో లెవెల్‌ను ఎత్తి ముందుకు జరపాలి. జరిపేటప్పుడు స్టాఫ్ పట్టుకున్న మనిషి మాత్రం కదలకూడదు. అదే రాయి మీద, అదే చోట ఉండాలి. పాత అంకెకూ కొత్త అంకెకూ ముడి ఆ రాయే.

ఆఖరి నియమం ఒకటుంది. దక్షిణపు కొస చేరాక పని అయిపోయినట్టు కాదు. చదువుకుంటూ మళ్లీ వెనక్కి, బెంచ్ మార్క్ బండ దాకా రావాలి. బయలుదేరినప్పటి ఎత్తే మళ్లీ రావాలి. రాకపోతే మధ్యలో ఎక్కడో తప్పు జరిగినట్టు. కాలేజీలో ఇది మాకు మొదటి నెలలోనే నేర్పారు.

ఆ రోజు పన్నెండు దాటింది. స్టాఫ్ పట్టుకున్న నారాయణ పొద్దున ఆరు నుంచీ ఎండలోనే ఉన్నాడు. నేను దక్షిణపు కొసన ఒక వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాను. వెనక్కి పోవాలంటే పైకి ఎక్కాలి. ఇంకో గంట పని. నేను ఎక్కలేదు. పుస్తకంలో తిరుగు అంకెలు కూర్చున్నచోటే రాసేశాను. లెక్క కుదిరేటట్టు రాశాను. మరీ సరిగ్గా కుదిరితే అనుమానం వస్తుందని అర సెంటీమీటరు తేడా కూడా పెట్టాను. ఆ అర సెంటీమీటరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు. బద్ధకం ఒకటి. దానికి తెలివి తోడవ్వడం ఇంకొకటి.

మే నెలలో గట్టు వేయించాం. ఫొటోలు తీసి పంపించాం.

ఆగస్టులో చెక్ మెజర్‌మెంట్‌కు వెళ్లాను. చేసిన పని ఇంకా చేసినట్టే ఉందా అని టేపుతో కొలిచి చూడటం అది. కమిటీ నుంచి రాఘవరెడ్డి వచ్చాడు, పెంచలయ్య చేనుకు ఎగువ చేను కొండయ్య వచ్చాడు, ఇంకా నలుగురు. దక్షిణపు కొసన గట్టుకు ఒక గండి ఉంది. బారెడు వెడల్పు. అడుగున చదును బండలు పరిచి ఉన్నాయి. బండల మీద గొర్రెల కాలి గుర్తులు. నాకు ఇంకేం విచారించాల్సిన పని లేదనిపించింది. గొర్రెల దారికి గట్టు అడ్డమైంది, తెంపేశాడు. పెంచలయ్య కొంచెం అవతలే కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. పిలిచాను.

"పెద్దాయనా, గట్టు ఎందుకు తెంపినావు?"

"తెంపలేదు సారూ. దోవ ఇచ్చినాను. మొన్న చిన్న వానకే నీళ్లు ఈడికొచ్చి నిలబడినాయి. నా చేను మిందకు దూకతాయని వంకలోకి మళ్లించినాను."

నీళ్లు ఇటు రావు, అటు రెడ్డిగారి చేను వైపు పోతాయి, అక్కడ దారి పెట్టాం కదా అన్నాను.

"నువ్వు పెట్టినావులే. నీళ్లు ఒప్పుకోవాల గదా." కర్రతో గట్టు వెనక నేలను చూపించాడు. "ఆ పెంటికలు చూడు సారూ. నీకే తెలస్తాది."

నేను చూడలేదు. అక్కడ అందరూ ఉన్నారు. నా మెడలో ఐడీ కార్డు ఉంది. "మేము లెవెల్ పెట్టి వేసినాం పెద్దాయనా, పెంటికలు పెట్టి కాదు," అన్నాను.

అందరూ నవ్వారు. కొండయ్య అందుకుని, "అట్లయితే ఆయన పొట్టేలుకు కూడా ఒక ఉజ్జోగం ఇప్పించు సారూ, మీ ఆఫీసులో," అన్నాడు. మళ్లీ నవ్వారు. పెంచలయ్య కూడా నవ్వాడు, ఒక్క క్షణం, మర్యాద కోసం. తర్వాత గొర్రెల వైపు తిరిగాడు.

వారంలో గండి పూడ్చమని చెప్పి వచ్చాను. ఆయన పూడ్చలేదు. కూలీలను పెట్టి నేనే పూడ్పించాను, మామూలు కంటే ఎక్కువ మట్టి వేయించి, దిమ్మిస కొట్టించి. లబ్ధిదారుల రిజిస్టర్లో పెంచలయ్య పేరు ఎదురుగా రిమార్క్స్ గడిలో "సహకరించలేదు" అని రాశాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. ఆ మాట కూడా అందంగానే ఉంది.

నవంబరు వానలు ఎలా ఉంటాయో మా జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ ఏడు మరీ. మూడు రోజులు నేను ఆత్మకూరు గదిలోంచి కదల్లేదు. వాగు దాటి ఆ ఊరికి బండి పోదు. అసలు ఆ ఉద్యోగంలో చేరాక నేను ఆ నేలను వానలో ఒక్కసారి కూడా చూడలేదు. గట్లు వేసేది ఎండలో, కొలిచేది ఎండలో. వాన వస్తే సెలవు.

నాలుగో రోజు వెళ్లాను. గట్టు తెగింది. పూడ్చిన గండి దగ్గర కాదు, అది గట్టిగానే ఉంది. దానికి ఇవతల ముప్పై గజాల దూరంలో, సరిగ్గా పెంచలయ్య చేను నడిమధ్యన తెగింది. అంత నీళ్లూ ఒక్కచోటే దూకాయి. చేను మధ్యలో నడుము లోతు కోత. దాని అడుగున తెల్లగా రాయి కనిపిస్తోంది. కోతకు అటూ ఇటూ కంది మొక్కలు వేళ్లతో సహా లేచిపోయాయి. మిగిలినవి ఇసుక కింద ఉన్నాయి. రవణమ్మ కోత గట్టున కూర్చుని, చేతికి అందిన కంది మొక్కలను ఒకటొకటిగా లాగి పక్కన పెడుతోంది. గొర్రెలకు మేతకైనా పనికొస్తాయని. నన్ను చూసింది. ఇంకో మొక్క లాగింది. పెంచలయ్య అక్కడ లేడు.

కోత పడిన చేలకు చెరువు మట్టి తోలించే పని ప్రాజెక్టులో ఉంది. కమిటీ తీర్మానం ఏమంటే, సహకరించిన రైతులకే. రాఘవరెడ్డి నన్ను ఒక మాట అడిగాడు కూడా. "సార్, పెంచలయ్యది బాగా పోయింది. ఆ రిమార్కు ఉండాలంటారా?" నా ఒక్క మాటతో అయిపోయేది. రూల్ అలా ఉందండీ అన్నాను. అంతంతమాత్రం కోత పడిన మిగతా ముగ్గురి చేలకు మట్టి వచ్చింది. ఆయన చేలోకి రాలేదు.

డిసెంబరులో పైనుంచి ఒక సర్వే ఫారం వచ్చింది. గ్రామీణ కుటుంబాలు భూసంరక్షణ పనులు చేపట్టడాన్ని ప్రభావితం చేసే అంశాలు, అని పైన రాసి ఉంది. రెండో దశ గట్లకు ఆ ఊళ్లో ఒక్కరు కూడా ఒప్పుకోలు సంతకం పెట్టలేదు. ఎందుకో కనుక్కోమన్నారు. ఇంటింటికీ వెళ్లి టిక్కులు పెట్టాలి. నా జాబితాలోని ఐదు కారణాలూ ఐదు గడులుగా అందులో ఉన్నాయి.

పెంచలయ్య ఇంటికి ఆయన లేనప్పుడు వెళ్లాను. కావాలనే. రవణమ్మ అరుగు మీద సజ్జలు చెరుగుతోంది. వయసు, చదువు, ఎకరాలు, అన్నీ చెప్పింది. ఆఖరి ప్రశ్న చదివాను: పనులు చేపట్టకపోవడానికి ముఖ్య కారణం? ఐదు గడులూ చదివి వినిపించాను. చేట ఆపి, నా చేతిలో కాగితం వైపు చూసింది.

"మీరేసిన గట్టు తెగి చేను పోయింది అనేదానికి గడి ఉండాదా నాయనా, దాంట్లో?"

"లేదమ్మా."

"అట్లయితే నీకు ఏది సులువో అది కొట్టుకో."

అయిదో గడిలో టిక్కు పెట్టాను. అవగాహన లేకపోవడం. ఆమె ఎదురుగానే పెట్టాను, ఆమెకు చదువు రాదు కాబట్టి. ఆ రోజు ఇరవై తొమ్మిది ఇళ్లు పూర్తి చేశాను. ఎక్కువ ఇళ్లలో అయిదో గడే.

జనవరిలో గట్టు రిపేరుకు ఎస్టిమేట్ వెయ్యాలి. నారాయణను తీసుకుని, లెవెల్ పెట్టి, ఈసారి మొత్తం చూశాను. చల్లటి కాలం కాబట్టి వెనక్కి కూడా వచ్చాను. ఉత్తరపు కొస కంటే దక్షిణపు కొస పద్దెనిమిది సెంటీమీటర్లు కిందికి ఉంది. జానెడుకు కొంచెం తక్కువ. నీళ్లు నేను దారి పెట్టిన వైపు ఎన్నటికీ పోవు. సగం దూరంలో, లెవెల్ జరిపిన చోటు నుంచి గీత కిందికి జారింది. మళ్లీ చూశాను, అంతే. నారాయణ స్టాఫ్ భుజాన వేసుకుని ఆ చోటే నిలబడి, మామూలుగా అన్నాడు.

"ఆ రోజు ఈడ రెండు రాళ్లు ఉండినాయి గదా సార్. మీరు మిషన్ మార్చేటప్పుడు నేను నీళ్లు తాగి వచ్చినాను. ఈ రాయేనా అని అడిగితే ఫోన్లో మాట్లాడతా చెయ్యి ఊపినారు. నేను ఇదే అనుకున్న్యా."

రెండు రాళ్లూ అక్కడే ఉన్నాయి. పై రాయికీ కింది రాయికీ తేడా పద్దెనిమిది సెంటీమీటర్లు. వెనక్కి నడిచి ఉంటే ఆ రోజే దొరికేది. దొరకడానికే ఆ నియమం ఉంది.

అప్పుడు గట్టు వెనక నేల చూశాను, మొదటిసారి. పెంటికలు నీళ్ల మీద తేలతాయి. నిలిచిన నీళ్లు ఇంకుతూ తగ్గినప్పుడు, అంచు వెంట అవి ఒక వరసగా నేల మీద మిగిలిపోతాయి. నీటి అంచు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. అంటే ఆ వరస కాంటూరు గీత. నా మిషన్ తప్పు చెయ్యగలదు, నేను అబద్ధం రాయగలను. నిలిచిన నీళ్లు రెండూ చెయ్యలేవు. నల్లటి పూసల దండ లాంటి ఆ వరస రాఘవరెడ్డి చేను వైపు సగం దూరంలోనే ఆగిపోయి, పెంచలయ్య చేను దగ్గర గట్టుకు ఆనుకుని దట్టంగా ఉంది. ఆగస్టులో ఆయన కర్రతో చూపించింది ఇదే.

ఆ సాయంత్రం నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎస్టిమేట్‌లో "అధిక వర్షం వల్ల గట్టు తెగినది" అని రాశాను. లెక్కపెట్టుకుంటే కాగితం మీద ఇది నాలుగో అబద్ధం. ఒకటి తిరుగు అంకెలు. రెండు సహకరించలేదు. మూడు అవగాహన లేదు. నాలుగు అధిక వర్షం. నాలుగూ నా గుండ్రటి చేతిరాతలోనే.

2022 ఎండాకాలంలో, మా రిపేరు మంజూరు కాకముందే, పెంచలయ్య తన గట్టు తను వేసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ సాయం రాలేదు. వానలు పడుతున్నప్పుడే పెంటికల వరస వెంట అడుగుకొక రాయి పాతి పెట్టుకున్నాడట. ఆ రాళ్ల మీద మొగుడూ పెళ్లాలిద్దరూ మట్టి ఎత్తారు. నీళ్ల దారిని వంక వైపు, అంతకుముందు గండి పెట్టిన చోటే వదిలారు. దాని మీదుగా రోజూ మందను తోలాడు. నూరు గొర్రెల కాళ్లు తొక్కితొక్కి ఆ నేల గచ్చులా గట్టిపడింది. మేము అలాంటి చోట సిమెంటు వేస్తాం. కోతలో మాత్రం చెట్ల కొమ్మలూ రాళ్లూ వేసి, ప్రతి నెలా రెండు రోజులు మందను అక్కడే కట్టేవాడు. మట్టి తోలించుకునే దారి లేదు కాబట్టి గొర్రెలతోనే మట్టి చేసుకోవాలి.

ఆ ఏడాది వానలకు గట్టు నిలిచింది. 2023 వేసవిలో నేను ఆ దారిన పోతూ ఉంటే కొండయ్య చేలో గట్టు వేస్తున్నారు. మా ప్రాజెక్టుది కాదు, సొంతంగా. అవతల ఇంకో రెండు చేలలో రాళ్లు పాతి ఉన్నాయి. బండి ఆపాను. శిక్షణకు మూడుసార్లు పిలిస్తే రాని మనిషివి, ఇప్పుడెందుకు వేస్తున్నావని కొండయ్యను అడిగాను.

"మీరు మన్ను పోతాది, మన్ను పోతాది అని చెప్తిరి సారూ. మన్ను పోయేది మా తాత కాలం నుంచీ చూస్తానే ఉండాము. మొన్న వానాకాలానికి ముందర నేను మూడు దినాలు కూడు పెట్టి పెంచలయ్య మంద కట్టించుకున్న్యా. వాన పడినాక చూస్తే నా చేలో పెంటికల్లేవు. అన్నీ పొయ్యి పెంచలయ్య గట్టుకాడ వరసగా చేరి ఉండాయి. నేను పెట్టిన కూడు, ఆయన చేలో ఎరువు. కడుపు మండదా?"

నవ్వుతూనే చెప్పాడు. పెంచలయ్య దగ్గరికి పోయి పోట్లాడితే, నా గట్టు తీసెయ్యమంటావా, నువ్వొకటి వేసుకుంటావా అని ఆయన అడిగాడట. గీత ఆయనే చూపించాడట. ముందు మంద కట్టడం, నీళ్లు నిలిచేలా అడ్డంగా జానెడు మట్టి వేయడం, తర్వాత వాన పడనివ్వడం, వరస వెంట రాళ్లు పాతడం. మందకు మామూలుగా ఇచ్చే జొన్నలు తప్ప వేరే ఏమీ అడగలేదట. నా ఐదు గడుల్లో దీన్ని ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తూ బండి ఎక్కాను. పక్కవాడి గట్టు నిలవడం కళ్లారా చూడటం. తను పెట్టిన ఎరువు పక్కచేలో కనిపించడం. నమ్మకమున్న మనిషి గీత చూపించడం. మూడింటికీ గడి లేదు.

ఆ జూన్‌లో మొదటి దశ ముగింపు గ్రామసభ జరిగింది. చేసిన పనులు చదివి వినిపించి, అభ్యంతరాలుంటే రాసుకోవాలి. చెప్పాలనే వెళ్లాను. నిలబడ్డాను. చెప్పింది ఏమంటే, "ఆ బండ్ విషయంలో లెవెలింగ్‌లో క్లోజింగ్ ఎర్రర్ కారణంగా కొంత డీవియేషన్ వచ్చింది." ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకూడదనే అలా చెప్పానని ఆ మాటలు నోటినుంచి వస్తుండగానే నాకు తెలిసింది. రాఘవరెడ్డి, "పాతవన్నీ ఎందుకులే సార్, టీ తాగండి," అన్నాడు. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న పెంచలయ్య నా వైపే చూస్తున్నాడు. నేను టీ తాగాను.

మర్నాడు పొద్దున్నే రిజిస్టర్ తీసుకుని ఆయన చేనికి వెళ్లాను. మందను అప్పుడే విప్పాడు. రవణమ్మ క్యారియర్‌లో కూడు తెచ్చింది. వేపచెట్టు కింద కూర్చున్నారు. నేను నిలబడే చెప్పాను. ఈసారి ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా.

"పెద్దాయనా, గట్టు తప్పుగా వేసింది నేను. వేసినాక వెనక్కి పోయి చూడాల. నేను పోలేదు. పోయినట్టు రాసినాను."

ఆయన ముద్ద నమిలి మింగాడు.

"నాకు తెల్సు అబ్బయ్యా."

అర్థం కాలేదు.

"ఆ దినం నువ్వు ఈ చెట్టు కిందనే కూర్చోని రాసుకుంటా ఉండావు. నేను గొర్లను తోలకొని నీ ముందరే పోయినాను. మీ వాళ్లు ఒకసారి దిగతారు, మళ్లా ఎక్కతారు, నేను వేరే ఊళ్లల్లో చూసినాను. నువ్వు ఎక్కలేదు."

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆ ప్రశ్న అడిగే హక్కు నాకు లేదు, అయినా అడిగాను.

"ఎవుడు నమ్మతాడు? కాయితం నీ దగ్గర ఉండాది."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే కొంచెం తేలికగా ఉండేదేమో. నేను కింద కూర్చుని రిజిస్టర్ తెరిచాను. ఆ రిమార్కు కొట్టేసి సరైనది రాసి సంతకం పెడతానని, రెండో దశలోనైనా చెరువు మట్టికి ఆయన పేరు పంపుతానని చెప్పాను. పెన్ను మూత తీశాను. రవణమ్మ చెయ్యి చాపి రిజిస్టర్ తీసేసుకుంది.

"రాద్దువులే. ముందు పైదాకా పొయ్యి చూసి రా."

"ఏం చూడాలమ్మా?"

"ఆ పొద్దు చూడంది ఏందో అది."

ఎక్కాను. గట్టు వెంట నడిచి, రెండు రాళ్ల దగ్గర ఆగి, కొండ పాదంలో ఇంటూ గుర్తు ఉన్న బండ దాకా వెళ్లాను. తొమ్మిదవుతోంది, ఎండ అప్పుడే చుర్రుమంటోంది. అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లాను, అలవాటు. మూడు వందల పది. లెవెల్ లేకుండా నడిస్తే అయిదు నిమిషాలు పట్టలేదు. ఆ బండ మీద నిలబడితే మొత్తం వాలు కనిపిస్తుంది. చేను మధ్యలో సగం పూడిన కోత, ఇంకా పచ్చబడని మచ్చలా ఉంది. చెట్టు కింద ఇద్దరూ కూడు తింటూ, నేను నిజంగా పైదాకా వెళ్లానా లేదా అని చూస్తున్నారు. దిగి వచ్చాను.

రవణమ్మ రిజిస్టర్ ఇచ్చింది. "సహకరించలేదు" కొట్టేసి, కింద రాశాను: గట్టు తెగడానికి కారణం నా లెవెల్ తప్పు. రైతు ముందే చెప్పాడు, నేను వినలేదు. సంతకం పెట్టాను. చదవమన్నాడు పెంచలయ్య. చదివాను.

"వినలేదు అని కాదు. విన్న్యావు, నవ్వినావు గూడా," అన్నాడాయన. "చూడలేదు అని రాయి."

కొట్టేసి, చూడలేదు అని రాశాను.

తర్వాతి వేసవిలో ఆ చేలోకి పదకొండు ట్రాక్టర్ల చెరువు మట్టి వచ్చింది. పోయింది అంతకంటే ఎక్కువ. ఆ దిద్దుబాటు మీద ఆఫీసులో నాకు ఒక మెమో వచ్చింది, జవాబు ఇచ్చాను. ఇప్పుడు కలిగిరి వైపు పనిచేస్తున్నాను. సర్వే ఫారాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఈ రైతులు ఎందుకు చెయ్యరు అని అడిగే ముందు, ఇక్కడ ఇంతకుముందు ఎవరు ఏం చేసి వెళ్లారని అడుగుతాను. ఆ జవాబుకు గడి లేదు కాబట్టి కాగితం అంచున రాస్తాను. వాన పడిన మర్నాడు బండి పోని ఊళ్లకు నడిచి పోతాను. పెంటికలు ఎక్కడ ఆగాయో చూస్తాను. తర్వాతే లెవెల్ తీస్తాను. గీత పూర్తయ్యాక, ఎంత ఎండైనా, బయలుదేరిన బండ దాకా వెనక్కి నడుస్తాను. స్టాఫ్ పట్టుకోవడానికి ఇప్పటికీ నాతోనే వచ్చే నారాయణ ఎందుకు సార్ అని అడగడు. ఆయనకు తెలుసు.